సముద్రం లేని ఊళ్ళో బండికి ఉప్పు



తంగళ్ళపల్లి నుంచి ఎటు పోయినా సముద్రం మూడు వందల కిలోమీటర్ల అవతలే. మచిలీపట్నంలోనో విశాఖపట్నంలోనో బండి కొన్న రెండేళ్ళకే రిమ్ములు ఎర్రబడ్డాయంటే ఉప్పుగాలి అనుకుని సరిపెట్టుకుంటాం. మరి మానేరు ఒడ్డున, సిరిసిల్లకు ఎదురుగా ఉన్న మన ఊళ్ళల్లో తిరిగే బండ్లకు ఏమైంది? నాలుగు వానాకాలాలు దాటేసరికి సైలెన్సర్ కింద పొక్క పడుతున్నది. సీటు కింద చాసిస్ గొట్టం పొరలు పొరలుగా ఊడుతున్నది. వెనుక మడ్గార్డు వేలితో నొక్కితే కరకరమంటున్నది. గాలిలో ఉప్పు లేదు, రోడ్డు మీద ఉప్పు లేదు. అయినా బండికి జంగు పడుతున్నది.

ఉప్పు మనమే మోసుకొస్తున్నాం. బండి వెనుక సీటు మీద, బస్తాల లెక్కన.

వానాకాలం నాట్లు పడే రోజుల్లో సొసైటీ ముందర ఒక పూట నిలబడి చూడండి. 2018 నుంచి యూరియా బస్తా బరువు 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది. అందువల్ల బండి మీద వేసుకుపోవడం ఇంకాస్త తేలికయింది. సీటు మీద ఒకటి అడ్డంగా, కొందరైతే టాంకు మీద ఇంకొకటి. సంచికి ఎక్కడో ఒక కుట్టు ఊడి ఉంటుంది, కాదంటే కొక్కెం గుచ్చిన రంధ్రం ఉంటుంది. పొలం చేరేలోపు పిడికెడు గుళికలు సీటుకూ సైడు డోముకూ మధ్యన, క్యారియర్ బోల్టుల సందున, బ్యాటరీ పెట్టె అడుగున చేరిపోతాయి. అవి ఎవరి కంటికీ కనబడవు. వాన పడకపోయినా సరే, గాలిలో తేమ ముప్పావు వంతు దాటితే యూరియా గుళిక ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరిగి నీరవుతుంది. జులై, ఆగస్టు నెలల్లో మన దగ్గర తెల్లవారుజామున గాలి అంత తేమగానే ఉంటుంది. అంటే రాత్రి పొడిగా ఉన్న బండి తెల్లారేసరికి ఆ సందుల్లో తడిసి ఉంటుంది. మనకేమో వాన పడలేదు కదా అనిపిస్తుంది.

యూరియా కంటే పొటాష్ ఇంకా చెడ్డది. మనం ఎర్ర పొటాష్ అని తెచ్చుకునేది పొటాషియం క్లోరైడ్. వంట ఉప్పు సోడియం క్లోరైడ్. ఇనుమును తినడంలో రెండూ అన్నదమ్ములే, ఎందుకంటే తినేది ఆ క్లోరైడ్. పెయింటు మీద గుండుసూది మొన అంత గీత ఉంటే చాలు, క్లోరైడ్ అక్కడ దూరి పెయింటు కిందనుంచి పాకుతుంది. పైన రంగు బాగానే ఉంటుంది. ఏడాది తర్వాత ఆ రంగు బుడగలా లేస్తుంది, గోటితో గీస్తే కింద నల్లటి ఎర్రటి పొడి రాలుతుంది. బుడగ కనబడే నాటికి రోగం ముదిరిందన్నట్టు.

మొన్న ఒక మెకానిక్ షెడ్డులో ఓ రైతు బండి విప్పుతుంటే పక్కన నిలబడి చూశాను. సీటు తీశాడు, వెనుక క్యారియర్ విప్పబోయాడు. బోల్టు తల పానాకు అందలేదు, గుండ్రంగా అరిగిపోయి ఉంది. దాని చుట్టూ తెల్లగా అట్ట కట్టింది. స్క్రూడ్రైవర్‌తో పెళ్ళగిస్తే తెల్లటి పెళుసు ముక్క ఊడొచ్చింది, దాని అడుగు గోధుమ రంగులో ఉంది. ఆ కింద మడ్గార్డు రేకు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించాడు, బలమేమీ పెట్టలేదు, మొన అవతలికి దిగిపోయింది. "అన్నా, బస్త ఏస్తవు గదా, కింద గోనెపట్ట ఏస్తున్నవా?" అని అడిగాడు. "గోనెపట్టనే ఏస్తున్న తమ్మీ" అన్నాడు రైతు. గోనెపట్ట వేస్తే సీటు చిరగదు, కానీ గుళికలు జారకుండా ఉండవు. పైగా ఆ పట్ట తడిసి, ఎరువు పీల్చుకుని, అలాగే సీటు మీద పడి ఉంటుంది. దాని బదులు మందమైన ప్లాస్టిక్ షీటు పరిచి, బస్తా దించగానే ఆ షీటును అటే పొలంలో దులిపేసి, ఇంటికి రాగానే సీటు తీసి రెండు చెంబుల మంచి నీళ్ళు ఆ సందుల్లో పోస్తే చాలు. ఈ ఎరువులు నీటిలో ఇట్టే కరిగిపోతాయి. కరిగి పోవాల్సిన దాన్ని రాత్రంతా అక్కడే ఉంచడమే నష్టం.

పశువుల కొట్టంలో బండి పెట్టేవాళ్ళు ఇంకొక సంగతి గమనించాలి. పశువుల మూత్రం నుంచి అమ్మోనియా ఆవిరి లేస్తుంది. కళ్ళు మండే ఆ ఘాటే అది. రాగికీ ఇత్తడికీ అమ్మోనియా శత్రువు. బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర, హెడ్‌లైటు వెనుక వైర్లు కలిసే చోట పచ్చగా చిలుము పడుతుంది. ఇండికేటర్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగక, సెల్ఫ్ కొడితే టక్ మని ఊరుకునే బండ్లను చూసి బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొంటాం. చాలాసార్లు పోయింది బ్యాటరీ కాదు, ఆ తీగ కొస. ఆ కొసను ఎమరీ కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త వాజిలిన్ పూస్తే సరిపోయే పని అది. కాబట్టి బండికీ ఎద్దులకూ నడుమ కనీసం ఒక గోడ ఉండేలా చూసుకోవాలి.

ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో ఒక్కసారి చెప్పుకుంటే ఆ తర్వాత చెప్పబోయేవి సులువుగా అర్థమవుతాయి. ఇక్కడి నుంచి కోరుట్ల, మెట్‌పల్లి దాటి నిజామాబాద్ జిల్లాలోకి పోతే కోనసముద్రం అనే ఊరు వస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలోనే పేరున్న ఉక్కు అక్కడ తయారయ్యేది. పర్షియా నుంచి వర్తకులు ఆ పల్లెకు వచ్చి, ఉక్కు ముద్దలు కొనుక్కుని, కత్తుల కోసం తీసుకుపోయేవారు. 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఈ ప్రాంతమంతా తిరిగిన హెన్రీ వోయిసీ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఆ కొలుముల సంగతి రాసిపెట్టాడు. మన తాతముత్తాతలు ఆ పని ఎలా చేశారు? నల్లటి ఇనుప రాయిని బొగ్గుతో కలిపి కాల్చారు. ఆ రాయిలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. ఆ రెంటినీ విడదీయడానికే అంత నిప్పు, అంత బొగ్గు, తిత్తుల దగ్గర అంతసేపు అంత చాకిరీ. అంత కష్టపడి విడదీసిన ఇనుము, సందు దొరికితే చాలు, మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసిపోవాలనే చూస్తుంది. నిప్పుతో మనం చేసిన పనిని తడి నెమ్మదిగా వెనక్కి తిప్పుతుంది. నీరు, గాలి రెండూ ఉండాలి. నీటిలో ఉప్పు ఉంటే పని ఇంకా జోరందుకుంటుంది, ఎందుకంటే తుప్పు పట్టడమంటే ఇనుములో సన్నటి కరెంటు పారడమే, ఉప్పునీరు ఆ కరెంటుకు దారి ఇస్తుంది.

ఈ లెక్కన చూస్తే పెయింటు, క్రోమ్, గ్రీజు, నూనె ఇవన్నీ చేసే పని ఒకటే, ఇనుముకు తడి తగలకుండా అడ్డం నిలవడం. తళతళలాడే క్రోమ్ చూసి చాలా మందం ఉందనుకుంటాం. నిజానికి ఆ మెరుపు పొర తల వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. దాని కింద ఉన్న నికెల్ పొరే అసలు కాపలా. క్రోమ్ పొరలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి, తడి వాటిలోంచి దిగుతుంది. రిమ్ము మీద మొదట కనబడే ఆ చిన్నచిన్న గోధుమ చుక్కలు అవే. ఆ దశలో పట్టుకుంటే పోతుంది. వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం కాగితాన్ని ఉండలా నలిపి, నీటిలో ముంచి మెల్లగా రుద్దితే ఆ చుక్కలు ఊడిపోతాయి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. తర్వాత తుడిచి, ఆరబెట్టి, పైన మైనం పాలిష్ రుద్దాలి. ఇసుక కాగితం, ఇనుప పీచు పెట్టి రుద్దితే మాత్రం ఆ పలుచని పొర కూడా పోతుంది, ఆ తర్వాత ఏ పాలిష్ కాపాడదు.

ఇక సైలెన్సర్ దగ్గరికి వద్దాం. మన ఊరి వాళ్ళకు ఇది ముఖ్యం. పెట్రోలులో హైడ్రోజన్ ఉంటుంది, అది కాలినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరు పుడుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. నమ్మబుద్ధి కాదు గాని ఇది నిజం. పొద్దున్నే బండి స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ కొస నుంచి చుక్కలు కారడం మీరు చూసే ఉంటారు. ఆ నీరు ఇంజను బాగా వేడెక్కితే ఆవిరై బయటికి పోతుంది. వేడెక్కకపోతే? తంగళ్ళపల్లిలో బండెక్కి, మానేరు వంతెన దాటి, సిరిసిల్లలో టీ తాగి, మళ్ళీ వంతెన దాటి ఇంటికి వచ్చేస్తే సైలెన్సర్ పైభాగం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది గాని, వెనుక డబ్బా లోపల మాత్రం నీరు అలాగే ఉంటుంది. దానికి పొగలోని ఆమ్లం కూడా తోడవుతుంది. అందుకే సైలెన్సర్ పైనుంచి కాదు, లోపలి నుంచి కుళ్ళుతుంది, అదీ అడుగు భాగంలోనే. రోజూ సిద్దిపేట దాకా పోయొచ్చే బండి సైలెన్సర్ చాలా ఏళ్ళు నిలుస్తుంది, ఊరు దాటని బండిది ముందే పోతుంది. ఎక్కువ తిరిగిన బండి బాగుండి తక్కువ తిరిగినది చెడిపోయిందని ఆశ్చర్యపోయే వాళ్ళకు జవాబు ఇదే.

దీనికి మందు కష్టమేమీ కాదు. వారానికి ఒకసారైనా బండిని ఆగకుండా పది, పదిహేను కిలోమీటర్లు నడపాలి. జిల్లెల్ల దాటి సిద్దిపేట రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వస్తే చాలు. చాలా సైలెన్సర్లకు అడుగున సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది, నీరు కారిపోవడానికి పెట్టింది. అది మట్టితో మూసుకుపోతే సన్నటి తీగతో తీయాలి. పొగ పోతున్నదని దాన్ని వెల్డింగుతో మూయించే వాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయించకండి.

ఇప్పుడు కడగడం. మన వాళ్ళు బండి కడగడంలో ఏ లోటూ చేయరు. ఆదివారం వచ్చిందంటే ఇంటి ముందర బోరు పైపు, సర్ఫు నురుగు, పాత బనీను. ప్రేమగా కడుగుతారు. తర్వాత బండిని ఎండలో నిలబెట్టి అన్నానికి పోతారు. బండికి చెరుపు జరిగేది అక్కడే. కడగడానికి పెట్టిన శ్రమలో సగమైనా ఆరబెట్టడానికి పెట్టడం లేదు.

మొదటి సంగతి, బట్టల పౌడరు. అందులో సోడా, ఇంకా రకరకాల లవణాలు ఉంటాయి. బట్టల్లోని జిడ్డును లాగినట్టే అది బండి మీది మైనం పొరను లాగేస్తుంది. సందుల్లో సరిగా కడగకుండా ఉండిపోతే మనం వదిలించుకుందామనుకున్న ఉప్పునే మళ్ళీ పెట్టిన వాళ్ళమవుతాం. బండ్ల కోసం అమ్మే షాంపూ చిన్న సాచెట్ తెచ్చుకుంటే మంచిది, లేకపోతే తలకు వాడే షాంపూ అయినా బట్టల పౌడరు కంటే నయం.

రెండోది, పొడి గుడ్డ. పొద్దున లేవగానే టాంకు మీద దుమ్మును పొడి గుడ్డతో ఒక్క ఊపున తుడిచి బయల్దేరడం మనందరి అలవాటు. మన రోడ్ల దుమ్ములో ఏముంటుంది? మానేరు ఇసుక ట్రాక్టర్ల నుంచి రాలిన ఇసుక, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ లారీలు రాల్చిన రాతిపొడి. ఇసుకలోని పలుగురాయి బండి రంగు కంటే చాలా గట్టిది, మామూలు ఇనుము కంటే కూడా గట్టిదే. గుడ్డ కింద నలిగిన ప్రతి రేణువూ ఒక గీత గీస్తుంది. టాంకును ఎండలో ఏటవాలుగా చూడండి, సాలెగూడు లాంటి గీతలు కనబడతాయి. ముందు నీళ్ళు పోసి దుమ్మును జారనివ్వాలి, ఆ తర్వాతే గుడ్డ తాకించాలి. నీళ్ళు పోసే తీరిక లేని రోజు దుమ్మును అలాగే ఉండనివ్వడం మేలు. దుమ్ముతో బండి చెడిపోదు, దుమ్మును రుద్దితే చెడిపోతుంది.

వాటర్ సర్వీసింగ్ సెంటర్ల ప్రెషర్ గన్ గురించి కూడా చెప్పాలి. మడ్గార్డు లోపల, ఇంజను కింద, చక్రాల పుల్లల మీద దానికి సాటి లేదు. గట్టిపడిన బురద అట్టలు దానికే ఊడతాయి. కానీ చక్రం నడుమ ఇరుసు దగ్గర, హ్యాండిల్ కింద కోన్ సెట్ దగ్గర, స్విచ్చులు, మీటరు, తాళం రంధ్రం దగ్గర ఆ ధారను దగ్గర పెట్టి కొడితే గ్రీజు బయటికి పోయి నీళ్ళు లోపలికి పోతాయి. బేరింగులో దూరిన నీళ్ళు అంత తొందరగా బయటికి రావు. రెండు నెలలకు చక్రం తిప్పితే గరగరమంటుంది. సర్వీసింగ్ చేసే తమ్ముడికి "ఇక్కడ వద్దు" అని ముందే చేయి పెట్టి చూపించండి, మొహమాటపడాల్సిన పని లేదు. చివర్లో మెరుపు కోసం బండంతా డీజిల్ కొట్టే అలవాటు కూడా ఉంది. ఆ రోజు నల్లగా నిగనిగలాడుతుంది. మర్నాటికి ఊరి దుమ్మంతా దానికి అతుక్కుంటుంది, రబ్బరు భాగాలు ఉబ్బి మెత్తబడతాయి, బ్రేకు డ్రమ్ములోకి దిగితే బ్రేకు పట్టదు. నేనైతే డీజిల్ వద్దనే చెబుతాను.

బండిని వాగులో దించి కడగడం ఇంకొక ముచ్చట. మిడ్ మానేరు నిండినప్పుడు వెనుక జలాలు వంతెన దాకా వస్తాయి, ఆ ఒడ్డున నీళ్ళలో చక్రాలు సగం మునిగేలా బండ్లు నిలబెట్టి కడుగుతుంటారు. బండికి మంచిది కాదు, ఇరుసులూ బ్రేకులూ నీళ్ళు తాగుతాయి. దానికంటే ముఖ్యం, ఆ నీళ్ళు మనుషులు తాగే నీళ్ళు, చేపలు బతికే నీళ్ళు. చైను మీది ఆయిలు, ఇంజను జిడ్డు నీటి మీద రంగురంగుల తెట్టులా తేలడం కళ్ళారా చూస్తూ కూడా మళ్ళీ అదే పని చేయడం నాకు బాధ కలిగిస్తుంది. బోరు దగ్గర రెండు బక్కెట్లతో అయ్యే పనికి వాగు ఎందుకు?

ఆరబెట్టడం దగ్గరికి వస్తున్నాను. మన బోరు నీళ్ళు చాలా చోట్ల చవుడు నీళ్ళు. ఆరిపోయాక తెల్లటి మరకలు మిగులుతాయి. ఎండలో నీళ్ళు ఆవిరైనా, అందులోని లవణం ఆవిరి కాదు, బండి మీదే ఉండిపోతుంది. అందుకే నీడలో కడిగి, ఆరేలోపే తుడవాలి. తుడవడానికి నూలు గుడ్డ కావాలి. సిరిసిల్ల పక్కన ఉండి గుడ్డకు కరువేమిటి అంటారేమో. అక్కడి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఇప్పుడు ఎక్కువగా నేసేది పాలిస్టరు. పాలిస్టరు ముక్క నీళ్ళను పీల్చదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి నెడుతుంది. పాత నూలు లుంగీ, చిరిగిన పంచె, లంగా బట్ట ముక్క, వీటికి మించినవి లేవు. తుడిచాక బండి ఎక్కి రెండు మూడు కిలోమీటర్లు పోయి రావాలి. సందుల్లో ఉన్న నీళ్ళు గాలికి చిమ్ముకుపోతాయి, బ్రేకులు ఆరతాయి, ఇంజను వేడికి చుట్టుపక్కల తడి ఇంకిపోతుంది. కడిగిన బండిని అలాగే షెడ్డులో పెట్టి తాళం వేయకూడదు. చైనుకు కడిగిన రోజే, అది పూర్తిగా ఆరాక, 90 నంబరు గేరాయిల్ కొన్ని చుక్కలు పెట్టాలి. పాత ఇంజనాయిల్ పూసే వాళ్ళున్నారు. కాలిన ఆయిల్‌లో మసి, ఆమ్లం, ఇనుప రజను ఉంటాయి. నడుస్తున్న ఇంజను నుంచి పనికిరాదని తీసేసిన ఆయిల్ చైనుకు మాత్రం ఎలా పనికొస్తుంది?

సాంచాల షెడ్ల ముందర, బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కులో రాత్రి షిఫ్టు చేసే వాళ్ళ బండ్ల మీద సన్నటి నూగు పడుతుంది. అది చైను మీద, ఇంజను రెక్కల మధ్యన జిడ్డుకు అంటుకుని తడిని పట్టి ఉంచుతుంది. వారానికోసారి పాత పెయింటు బ్రష్‌తో దులిపేస్తే పోతుంది.

దసరా నాడు మన ఇళ్ళల్లో బండికి పూజ చేస్తాం, వేములవాడ రాజన్న దగ్గరికి కొత్త బండిని తీసుకుపోతాం. చేయాల్సిందే, ఎంత కష్టపడి కిస్తీలు కట్టి కొనుక్కున్న బండి అది. పూజ అయ్యాక ఒక్క పని గుర్తుపెట్టుకోండి. కొబ్బరికాయ కొట్టినప్పుడు చిందే నీళ్ళలో లవణాలుంటాయి, అందులో పొటాషియం, క్లోరైడ్ రెండూ ఉన్నాయి. చక్రం కింద నలిగిన నిమ్మకాయ రసం పులుపు, అంటే ఆమ్లం. హ్యాండిల్‌కు కట్టిన బంతిపూల దండ రెండు రోజులకు కుళ్ళి, ఆ తడి క్రోమ్‌కు అంటుకుని ఉంటుంది. ఆ దండ ఎండి, నల్లబడి, దానంతట అదే ఊడిపోయే దాకా తీయం. దాని కింద హ్యాండిల్ చూడండి, ఉంగరంలా జంగు పట్టి ఉంటుంది. మర్నాడు పొద్దున దండ తీసి చెట్టు మొదట్లో వేసి, బండికి మంచి నీళ్ళు పోసి తుడిస్తే పూజకు లోటు రాదు.

ఇప్పుడు ఇంకొక బండి సంగతి, మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ప్రతి వాడకూ ఒకటి ఉండే బండి. కొడుకు దుబాయో, మస్కటో, కువైటో పోతాడు. బండి ఇంట్లో ఉంటుంది. నాన్నకు నడపరాదు, తమ్ముడు హైదరాబాదులో చదువుతున్నాడు. అమ్మ దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటుంది, పైన మందమైన టార్పాలిన్ కప్పి తాడుతో చుట్టి కడుతుంది. రెండేళ్ళకు సెలవు మీద వచ్చిన కొడుకు తాడు విప్పి చూస్తే బండి తాకరాకుండా ఉంటుంది. అమ్మ తప్పేమీ లేదు. టార్పాలిన్ వాననైతే ఆపుతుంది, కానీ నేలలోంచి లేచిన తేమను కూడా బయటికి పోనివ్వదు. పగలు వేడికి లోపలి గాలి తేమను పట్టి ఉంచుకుంటుంది, రాత్రి చల్లబడగానే అది ఇనుము మీద మంచులా కురుస్తుంది. రెండేళ్ళపాటు రోజూ రాత్రి బండి తడిసినట్టే లెక్క.

పోయే ముందు ఒక్క పూట కేటాయిస్తే ఈ బండిని కాపాడుకోవచ్చు. బండిని కడిగి, బాగా ఆరబెట్టి, పది పదిహేను కిలోమీటర్లు నడిపి, వేడిగా ఉన్నప్పుడే పాత ఇంజనాయిల్ తీసి కొత్తది పోయించాలి. నెలల తరబడి నిలిచే ఇంజనులో పాత ఆయిల్ ఉంచితే దానిలోని ఆమ్లం లోపలి భాగాలను తింటుంది. ఇక పెట్రోలు. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ఎక్కువ తేమ చేరితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి టాంకు అడుగుకు దిగుతాయి. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లను దీనికి తట్టుకునే భాగాలతో తయారు చేస్తున్నారు గాని, పాత బండ్ల ఇనుప టాంకుకు అడుగున నిలిచిన నీరు మంచిది కాదు. ఒకటి రెండు నెలల కోసమైతే టాంకు నిండా పోయించి మూత బిగించడం మేలు, లోపల గాలికి చోటుండదు. రెండేళ్ళ కోసమైతే పెట్రోలు పూర్తిగా తీసేయించి, పావు లీటరు కొత్త ఇంజనాయిల్ పోసి టాంకును అటూ ఇటూ తిప్పి లోపలి గోడలకు పట్టించి ఉంచాలి, కార్బురేటర్ బండి అయితే అందులోని పెట్రోలు కూడా వదిలించాలి. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజనాయిల్ పోసి, కిక్కు మెల్లగా నాలుగుసార్లు కొట్టి, ప్లగ్ మళ్ళీ బిగించాలి. బ్యాటరీ తీసి ఎవరికైనా వాడుకోనివ్వండి, వాడకుండా ఉంటే అది ఎలాగూ పోతుంది. సెంటర్ స్టాండు కింద చెక్క పలక పెట్టి, సైలెన్సర్ కొసలో ఎర్ర గుడ్డ దూర్చి, బండి మీద పాత నూలు దుప్పటి కప్పండి. గుడ్డ ఎర్రదే ఎందుకంటే, తిరిగొచ్చి స్టార్ట్ చేసే నాడు తీయడం మరిచిపోకుండా.

ఇంట్లో నడిపేవాళ్ళు ఉంటే ఇదంతా అక్కర్లేదు, వాళ్ళ చేత నడిపించడమే అన్నిటికంటే మంచిది. అయితే చాలా ఇళ్ళల్లో ఒక అలవాటుంది. వారానికోసారి బండిని అక్కడే స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు రేజు చేసి ఆపేస్తారు. ఇంజను బతికి ఉండాలని. ఇందాక సైలెన్సర్ గురించి చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది. ఆ ఐదు నిమిషాల్లో నీరు పుడుతుంది, ఆవిరయ్యేంత వేడి పుట్టదు. ఆ నీరు సైలెన్సర్‌లోనూ, కొంత ఇంజనాయిల్‌లోనూ చేరుతుంది. దానికంటే ముట్టుకోకుండా వదిలేయడమే నయం.

2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధుల్లోకి వరద వచ్చినప్పుడు ఎన్నో బండ్లు సీటు దాకా మునిగాయి. అలాంటి రోజు మళ్ళీ వస్తే చేయాల్సింది ఇప్పుడే చెప్పి ఉంచుతాను. మునిగిన బండిని సెల్ఫ్ కొట్టకండి, కిక్కు కొట్టకండి. సిలిండర్‌లో నీరుంటే అది కుదించుకుపోదు, ఇంజను లోపలి కడ్డీ వంగిపోతుంది. తాళం తీసి, బ్యాటరీ తీగ విప్పి, బండిని నెట్టుకుంటూ మెట్టకు చేర్చి, ముందు మంచి నీళ్ళతో బురద కడగాలి. వరద నీరు మోరీల మీదుగా వచ్చింది, అందులో అన్నీ ఉంటాయి, బురద ఎండితే సందుల్లోంచి రాదు. తర్వాత మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే ప్లగ్ తీసి నీరు వదిలించి, ఆయిల్, ఎయిర్ ఫిల్టరు మారుస్తాడు. తీసిన ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టే. అప్పుడు కొత్త ఆయిల్ పోసి కొద్దిసేపు నడిపి, దాన్ని కూడా తీసి, ఇంకొకసారి పోయించాలి. రెండు ఆయిళ్ళ ఖర్చు ఇంజను ఖర్చు ముందు ఏపాటిది? డ్రమ్ములు విప్పించి బ్రేకులు తుడిపించి, చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించడం కూడా ఆ వారంలోనే జరగాలి, నెల తర్వాత కాదు.

ఇప్పటికే జంగు పట్టిన బండి ఉన్నవాళ్ళు దాని మీదే నల్ల పెయింటు కొట్టించి ఊరుకోకండి. రంగు కింద తుప్పు పని ఆపదు. వైరు బ్రష్‌తో వదులుగా ఉన్నదంతా రాల్చి, ఎమరీ కాగితంతో ఇనుము మెరుపు కనబడే దాకా రుద్ది, మంచి నీళ్ళతో కడిగి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ హార్డ్‌వేరు దుకాణాల్లో దొరుకుతుంది. అది ఎర్ర తుప్పును నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. చేతులకు తొడుగు వేసుకుని, పిల్లలకు దూరంగా పెట్టి వాడాలి. దాని మీద రెడాక్సైడ్, అది ఆరాక రెండు చేతుల పెయింటు. ఈ పని వానాకాలంలో పెట్టుకోకండి, తేమ మీద వేసిన రంగు నిలవదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో, యాసంగి కోతలకు ముందు, బండికి బస్తాల పని తక్కువగా ఉన్నప్పుడు ఒక ఆదివారం చాలు. సీటు కింద, బ్యాటరీ పెట్టె అడుగున, సెంటర్ స్టాండు బిగించిన చోట, చైను కవరు వెనుక ముందుగా చూడండి. తంగళ్ళపల్లి బండ్లకు జంగు ఎక్కువగా మొదలయ్యేది ఆ నాలుగు చోట్లే.